ఒకే మెట్ల మీద ఇద్దరు ఎమ్మెల్యేలు

జర్మనీలో మేముంటున్న బిల్డింగులో కొన్నాళ్లు ఇద్దరు ఎమ్మెల్యేలు ఉండేవాళ్లు. కింది ఫ్లోరులో ఉన్నాయన నిజం ఎమ్మెల్యే. అమెరికాలో ఏదో మొక్కజొన్న చేల రాష్ట్రంలో, అక్కడి శాసనసభలో ఏళ్లతరబడి కూర్చుని, మంచిపేరు తెచ్చుకుని, ఆ పేరంతా ఒక్క ఉత్తరంతో పోగొట్టుకుని వచ్చినవాడు. మూడో ఫ్లోరులో ఉన్నవాడు ఉత్తుత్తి ఎమ్మెల్యే. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయినా, ఉన్న ఆ కాస్తా అదే పద్ధతిలో పోగొట్టుకున్నాడు. ఆ మూడో ఫ్లోరు మహానుభావుణ్ణి నేనే.

ఊరి పేరు చెప్పను. మిగిలిన పరువును అలా మిగలనివ్వండి. సైకిళ్ల ఊరు. ఒక యూనివర్సిటీ, ఒక పెద్ద కంపెనీ, వాటి చుట్టూ మనవాళ్లు. శనివారం ఇండియన్ షాపుకు కాస్త ఆలస్యంగా వెళ్తే కరివేపాకు దొరకదు, అంతమందిమి. నాది ఆ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులు వెతకడం. అందులో ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా నా పనిలో తప్పు నాకు కనబడలేదు చూడండి, అదీ నా ప్రతిభ.

కిందాయన సంగతి ముందు చెప్పాలి. డెబ్బై దాటిన ఆరడుగుల మనిషి. కుర్రతనంలో అమెరికా సైన్యంలో చేరి ఈ ప్రాంతానికే వచ్చాడట. అప్పుడు పరిచయమైన ఒకావిడను, ఇద్దరి మొదటి పెళ్లిళ్లూ ముగిసిపోయాక, ముసలితనంలో వెతుక్కుంటూ వచ్చి చేసుకున్నాడు. బిల్డింగులో చెత్తడబ్బాల మీద అధికారమంతా ఆయనదే. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. పొద్దున్నే కనబడినా, గంట తర్వాత మళ్లీ కనబడినా, చేయి చాపి షేక్‌హ్యాండ్ ఇస్తాడు. వీధిలో కుక్కలన్నింటి పేర్లూ తెలుసు. మనుషుల పేర్లు మర్చిపోయినా కుక్క పేరు గుర్తుపెట్టుకుంటే ఓటు ఖాయం అనేవాడు.

సైకిల్ స్టాండు పక్కన బెంచీ మీద కూర్చుని ఆయన తన రాజకీయాలు చెబుతుంటే నాకు టైమ్ తెలిసేది కాదు. ముందు స్కూల్లో ఆటల మాస్టారట. పిల్లలను బస్సులో తీసుకెళ్లేటప్పుడు ఏటి మీద వంతెన కూలిపోయి ఉంటే, ప్రతిసారీ ఊళ్లన్నీ చుట్టి వెళ్లాల్సి వచ్చేదట. అడిగి అడిగి విసిగిపోయి, తనే ఎన్నికల్లో నిలబడ్డాడు. ఇల్లిల్లూ తిరిగాడు, ఆవులను పొగిడాడు, కుక్కలను నిమిరాడు, గెలిచాడు. వంతెన కట్టించాడు. జనం ఆ వంతెన మీద ఆయన పేరుతో ఇత్తడి రేకు కొట్టించారు. అక్కడి నుంచి వరసగా గెలుస్తూ పోయాడు. రోడ్లు, ఆసుపత్రి, స్కూళ్లు. గవర్నరు చేస్తారని కూడా అనుకున్నారట.

"మరి ఏమైంది?" అని అడిగాను.

"నాతో చేపలు పట్టే ఫ్రెండు ఒకడుండేవాడు. ఏటి ఒడ్డున కంకర తవ్వుకోవడానికి పర్మిషన్ కావాలన్నాడు. కాగితం ఏదో ఆఫీసులో ఆగిపోయింది. 'ఈ విషయం కాస్త త్వరగా చూడండి' అని సభ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళ్లింది. పేపరువాళ్లు పట్టుకున్నారు. మా ఆఫీసులో పొరపాటు జరిగింది. రాజీనామా చేశాను. వంతెన మీద రేకు కూడా ఊడబీకారు. మేకుల చిల్లులు ఇంకా ఉన్నాయట."

అంతేనా అన్నట్టు చూశాను. అంతేనట! నాకు నవ్వాగలేదు. ఒక్క ఉత్తరానికి పదవి పోతుందా? మావైపు ఉత్తరం ఇవ్వకపోతే పదవి పోతుంది. తిరుపతి దర్శనానికి ఉత్తరం, కాలేజీ సీటుకు ఉత్తరం, ఆసుపత్రిలో మంచానికి ఉత్తరం. ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కూర్చునే జనమంతా ఉత్తరాల కోసమే కదా. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"లెటర్‌హెడ్‌ను తాళంవేసి పెట్టుకోవాలి" అని మాత్రం అన్నాడు.

అప్పటికి నాకింకా లెటర్‌హెడ్ లేదు. ఆయన మాట విన్నాకే ఆ ఆలోచన వచ్చిందంటే మీరు నమ్మాలి.

ఇక నా రాజకీయ జీవితం. మా ఊళ్లో విదేశీయులంతా కలిసి ఒక సలహా మండలిని ఎన్నుకుంటారు. దాన్ని బైరాట్ అంటారు. దాని పని నగర పాలకులకు సలహా ఇవ్వడం. వాళ్లు వినాలని రూలేమీ లేదు. పోస్టులో ఓటు పంపాలి, చాలామంది పంపరు. నన్ను నిలబడమని ఎవరూ అడగలేదు. ఆఫీసులో నా మాటకు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నప్పుడు తప్ప విలువ లేదు. ఇంట్లో అప్పుడూ లేదు. అందుకని నిలబడ్డాను. కిందాయన దగ్గర నేర్చుకున్న విద్యంతా చూపించాను. మనవాళ్లకు కుక్కలుండవు కాబట్టి పిల్లల పేర్లు గుర్తుపెట్టుకున్నాను. ఆదివారం క్రికెట్ అయ్యాక బిర్యానీ పెట్టాను. గెలిచాను.

గెలిచిన వారానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఫ్రెండు ఒకడు సూట్‌కేసులోంచి ఫ్లెక్సీ తీశాడు. మూడు మీటర్ల పొడవు. రెండు చేతులూ జోడించి నేను, నా వెనక ఉదయించే సూర్యుడు, అటూ ఇటూ పావురాలు. బాల్కనీకి కడదామన్నాను. మా ఆవిడది గోదావరి జిల్లా. నాది కరీంనగర్ వైపు. ఆ తేడా ఇలాంటప్పుడే తెలుస్తుంది.

"ఏవండోయ్ ఎమ్మెల్యే గారూ, అది గానీ బాల్కనీకి కట్టారంటే నేను పిల్లని తీసుకుని పుట్టింటికి పోతాను. పైగా ఆ పావురాలేంటండీ, మీ నెత్తిమీద వాలేలా ఉన్నాయి!" అంది.

ఫ్లెక్సీ మంచం కిందికి పోయింది. కానీ పేరు నిలబడింది. మావాళ్లంతా నన్ను ఎమ్మెల్యే గారు అనడం మొదలుపెట్టారు. మొదట్లో వేళాకోళం. వేళాకోళమని నాకూ తెలుసు. రెండు వారాలయ్యేసరికి ఎవరైనా అలా పిలవకపోతే వాళ్లకేదో కోపం వచ్చిందనుకునేవాణ్ణి. మాగ్డెబర్గ్ నుంచి ఒకడు ఫోన్ చేసి బామ్మర్ది వీసా ఇంటర్వ్యూ సంగతి చూడమంటే, గార్చింగ్ నుంచి ఇంకొకడు కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, పాపకు సీటు కావాలన్నాడు. నాకు మా ఊళ్లో చెత్తడబ్బా జరిపే అధికారం కూడా లేదు, అది కిందాయనది. అయినా "చూద్దాం, మాట్లాడ్త" అనేవాణ్ణి. ఆ మాటంటే నోట్లో పంచదార పోసినట్టుండేది. బైరాట్ మీటింగులో మాత్రం వేసవి ఉత్సవంలో టేబుళ్ల మీద ఏ రంగు గుడ్డలు వేయాలన్నదాని మీద గంటన్నర చర్చించుకున్నాం. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత లెటర్‌ప్యాడ్ చేశాను. ల్యాప్‌టాప్‌లో కూర్చుని, నగరపాలక వెబ్‌సైటులోంచి ఊరి రాజముద్ర దించి పైన మధ్యలో పెట్టాను. ఎడమపక్క నా పేరు, కింద బైరాట్ సభ్యులు అని హోదా. ఇక సంతకం. సంతకానికి ఆకుపచ్చ సిరా కావాలి. చిన్నప్పుడు మార్కుల మెమోల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం కాలేజీ ప్రిన్సిపాల్ ఇంటి గేటు ముందు ఎండలో నిలబడ్డవాణ్ణి. ఆయన బనీను మీద బయటికొచ్చి, ఆకుపచ్చ సిరాతో గెలికి లోపలికి పోయేవాడు. ఆ గెలుకుడుతో మామూలు కాగితం గవర్నమెంటు కాగితమైపోయేది. ఎప్పటికైనా ఆ రంగుతో సంతకం పెట్టాలని అప్పుడే అనుకున్నాను. స్టేషనరీ షాపులో ఆకుపచ్చ సిరా గొట్టాలు కొని, మా పాప స్కూలు ఇంకుపెన్నులో వేశాను. మూడో క్లాసు చదివే పాప చూసింది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల. ఆకుపచ్చతో టీచర్ మాత్రమే రాయాలి, పిల్లలు రాయకూడదు అని జర్మన్‌లో చెప్పింది. "నేను పిల్లోణ్ణి గాదు బిడ్డా" అన్నాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

లెటర్‌ప్యాడ్ ఉంది, సిరా ఉంది, ఉత్తరం కావాల్సిన మనిషి ఎక్కడ? దొరికింది పాపం.

నల్గొండ వైపు అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ చదివింది. ఆదివారాలు మా ఇంట్లో భోంచేసి, మా పాపకు లెక్కలు చెప్పేది. నన్ను అన్నా అనీ మా ఆవిడను వదినా అనీ పిలుస్తుంది. ఎన్నో చోట్ల కాదనిపించుకున్నాక చివరికి ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. అప్పటికి స్టూడెంట్ వీసా మారి, పని చేసుకునే అనుమతి చేతిలో ఉండాలి. లేకపోతే ఆ సీటు వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పేశారు. వీసా కూడా ఆ నెలాఖరుతోనే సరి. ఉద్యోగం పోతే మూటాముల్లె సర్దుకోవడమే. ఫారినర్స్ ఆఫీసుకు కాగితాలన్నీ పంపి, టెర్మిన్ కోసం, అంటే వాళ్లు రమ్మని పిలిచే తేదీ కోసం, రోజూ మెయిల్ చూసుకుంటోంది.

"టెర్మిన్ ఇంకా రాలేదన్నా. నిద్ర పడ్తలేదు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు" అంది ఒక ఆదివారం, పప్పన్నం కలుపుతూ.

ఓపిక పట్టు అని మా ఆవిడ అంది. నేను ఊరుకుంటే ఎట్లా? "నువ్వు ఫికర్ జెయ్యకు. నేన్ లెటర్ ఇస్త" అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పెద్ద మనిషి ఉత్తరం ఇస్తే పని అవుతుందని ఆమె పెరిగిన ఊళ్లోనూ తెలుసు, నేను పెరిగిన ఊళ్లోనూ తెలుసు. మేమిద్దరం ఉన్న ఊళ్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఈ అభ్యర్థిని నాకు బాగా తెలుసు, ఈమె విషయం త్వరగా చూడగలరు అని జర్మన్‌లో రాసి, కింద ఆకుపచ్చ సంతకం గెలికాను. అక్షరం ఒక్కటి అర్థమైతే ఒట్టు. ఎమ్మెల్యే సంతకం అలాగే ఉండాలి. ఆ పిల్ల దాన్ని రంగుల్లో స్కాన్ చేసి ఆఫీసుకు పంపింది.

నేను చేసిన ఘనకార్యం ఏమిటో తర్వాత తెలిసింది. మా ఊరి ఆఫీసుల్లో ఆకుపచ్చ సిరా మేయరుగారిది. ఆయన తప్ప ఇంకెవరూ ఫైలు మీద ఆ రంగు ముట్టుకోరు. అక్కడి గుమాస్తాలకు అది పుట్టుకతో వచ్చిన జ్ఞానం. పైన ఊరి రాజముద్ర, కింద అర్థంకాని ఆకుపచ్చ గెలుకుడు, మధ్యలో 'త్వరగా చూడగలరు'. ఎవరో మేయరుగారి చేతిరాత దొంగిలించారని అనుకోరా మరి!

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసింది. "అన్నా, ఆ ఉత్తరం నకిలీదా అని అడుగుతున్నరన్నా. సోమారం పొద్దుగాల వచ్చి చెప్పమన్నరు. అప్పటిదాంక నా ఫైలు ఆపిన్రట."

ఫోన్ పెట్టేశానో లేదో ఇంకో ఫోన్. మా బైరాట్ అధ్యక్షురాలు. టర్కీ నుంచి పెళ్లై వచ్చి, ఇక్కడే మనవలను ఎత్తిన పెద్దావిడ. మీటింగులో టేబుల్ గుడ్డల గొడవ తీర్చింది ఆవిడే. "ఫారినర్స్ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. దానిమీద నీ పేరుంది. మనకసలు అలాంటి లెటర్‌హెడ్ లేదు కదా. నీ పేరు ఎవరైనా వాడుకున్నారా?" అంది.

ఎంత మంచి మనిషో చూడండి. తలుపు తీసి, ఇటు వెళ్లిపో నాయనా అని దారి చూపించింది. నేను రాశానని ఆవిడ ఊహకు కూడా రాలేదు. ఇంత తెలివితక్కువ పని పెద్దవాడెవడూ చేయడని నమ్మింది. నేను "చూసి చెప్తాను" అన్నాను.

ఏం చూస్తాను? నా సంతకం నాకు తెలియదా? దొంగకు తేలు కుట్టినట్టు శనివారమంతా ఇంట్లో తిరిగాను. నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ అదే బిల్డింగులో, పైఫ్లోరులో ఉంది. ఊరి రాజముద్ర దొంగతనంగా వాడానని రాసుకుంటే ఆ అప్లికేషన్ గతేం కాను? ఉద్యోగం గతేం కాను? ఆ పిల్లది చిన్న వయసు, తెలియక చేసిందని వదిలేస్తారు కదా, నాలాంటివాడు తనే చేశానని చెబితే వదలరు కదా. ఇలా లెక్కలు వేశాను. నేను మంచివాణ్ణని ఇంకా నమ్ముతూనే వేశాను.

ఆదివారం ఆ పిల్ల ఎప్పటిలాగే భోజనానికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. అన్నం సగంలో చేయి ఆపి, నావైపు చూడకుండా అంది.

"అన్నా, నేనొకటి అనుకున్న. మీరియ్యలేదు, నేనే చేసుకున్ననని చెప్త. మీకు పాప ఉంది. సిటిజన్‌షిప్ నడుస్తున్నది. నాదేముంది, మా ఊరికి పోత. మీరు నాకు మంచిజేద్దామనే కదా ఇచ్చిన్రు."

వద్దు అనాలి కదా. నోటికి రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా ఊపిరాడింది. మా ఆవిడ గరిటె పట్టుకుని నావైపే చూస్తోంది. నేను ఏమంటానా అని చూస్తోందని నాకు తెలుసు. నేను లేచి, మూలనున్న ఖాళీ సీసాల సంచీ ఎత్తుకుని, ఇవి పడేసి వస్తానని కిందికి దిగిపోయాను.

"ఆదివారం గాజు పడేయకూడదు" అన్నాడు కిందాయన. డబ్బాల దగ్గరే ఉన్నాడు. ఈ దేశంలో ఆదివారం సీసాల చప్పుడు చేయడం మహాపాపం. ఇన్నేళ్లుగా నాకది తెలుసు. సంచీ కింద పెట్టి, బెంచీ మీద కూలబడ్డాను. ఆయన అడగకుండానే మొత్తం చెప్పేశాను. లెటర్‌ప్యాడ్, ఆకుపచ్చ సిరా, అధ్యక్షురాలి ఫోన్, ఆ పిల్ల అన్న మాట, అన్నీ. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఒకప్పుడు ఆయన ఉత్తరం కథ విని నేను నవ్వాను కదా, బాకీ తీర్చుకోవచ్చు.

ఆయన నవ్వలేదు. సంచీ పక్కకు జరిపి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ ఆవిడ అడిగినప్పుడు ఏం చెప్పావు?"

"చూసి చెప్తానన్నాను."

"నేనూ అదే అన్నాను" అన్నాడు. "పేపరువాడు ఫోన్ చేసినప్పుడు అచ్చం అదే మాట. నీకు నేను చెప్పిన కథ పూర్తిది కాదు. ఆఫీసులో పొరపాటు అన్నానే, ఆ పొరపాటు నాది. ఉత్తరం చెప్పి రాయించింది నేను, సంతకం నాది. నా ఆఫీసులో ఒక అమ్మాయి పనిచేసేది. కాలేజీ అయిపోయి అప్పుడే వచ్చింది. తనే వచ్చి అంది, 'సార్, మీకు ఇంకా చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. మిమ్మల్నడక్కుండా నేనే పంపానని చెబుతాను' అని. నేను కాదనలేదు. పోనీ అవునని కూడా అనలేదు. ఊరుకున్నాను. ఆ పిల్లను దొంగ అని పేపర్లో వేశారు. ఉద్యోగం పోయింది. చిన్న ఊరు, ఇంకెవరూ పిలిచి పని ఇవ్వలేదు. తర్వాత నిజం ఎలాగూ బయటపడింది, నేనూ పోయాను. పదవి పోయిందని ఏడ్చాను, రేకు ఊడబీకారని ఏడ్చాను. ఆ పిల్లకు మాత్రం ఈ రోజుదాకా ఒక్క ముక్క రాయలేదు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఈయన ఉత్తరానికి పడిపోయాడనుకుని జాలిపడ్డాను. ఉత్తరానికి కాదు. ఊరుకున్నందుకు. పైన మా ఇంట్లో సగం అన్నం దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది, నేను సీసాల వంకతో పారిపోయి వచ్చాను. నామీద నాకే అసహ్యం వేసింది. నిజంగా వేసింది, మాటవరసకు కాదు.

సంచీ అక్కడే వదిలేసి మెట్లెక్కాను. ఆ పిల్ల సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. "రేపు నేను గూడ వస్త. ఉత్తరం నాది, నేనే చెప్త. నువ్వేం మాట్లాడకు" అన్నాను.

"అన్నా, మీ సిటిజన్‌షిప్..."

"దానికేమైతే అదైతది."

మా ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. కొంతసేపటికి, "సీసాలేవండీ?" అంది.

సోమవారం పొద్దున అధ్యక్షురాలికి ముందే ఫోన్ చేసి చెప్పాను, రాజీనామా కూడా చెప్పేశాను. "ఎందుకు చేశావు?" అంది ఆవిడ. పెద్దమనిషి అనిపించుకుందామని చేశానమ్మా అని జర్మన్‌లో ఎలా చెప్పాలో తెలియక, సారీ అన్నాను.

ఫారినర్స్ ఆఫీసులో గుమాస్తా నా వయసువాడే. కళ్లద్దాలు, చొక్కా మీద స్వెట్టరు. ఉత్తరం బల్లమీద పెట్టి, కూర్చోమన్నాడు. ఇది నేను రాశాను, సంతకం నాది, ఈ అమ్మాయికి ఇందులో ఏ తప్పూ లేదు, నిజమైన కాగితమని నమ్మి పంపింది అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన రాసుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"కానీ, ఆకుపచ్చ ఎందుకు?"

గెజిటెడ్ ఆఫీసరు గురించి, ప్రిన్సిపాల్ ఇంటి గేటు గురించి, బనీను గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఊరి ముద్ర ఇంకెప్పుడూ వాడకూడదనీ, ఈ సంగతి మీద పైవాళ్ల నుంచి నాకు ఉత్తరం వస్తుందనీ చెప్పాడు. నేను చెప్పిందంతా కాగితం మీద టైపు చేసి, కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. నీలం పెన్ను. ఈసారి నా పేరు అక్షరం అక్షరం అర్థమయ్యేలా పెట్టాను.

అప్పుడు ఆయన ఆ పిల్ల ఫైలు తెరిచాడు. కాసేపు చూశాడు. "ఈవిడ కాగితాలన్నీ మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. "పోయిన బుధవారం పిలుద్దామని టెర్మిన్ కూడా పెట్టాను. ఈ ఉత్తరం వచ్చింది కాబట్టి ఆపాల్సి వచ్చింది. ఇది లేకపోతే ఇప్పటికే అనుమతి చేతికి వచ్చేది."

ఆ పిల్ల నావైపు చూడలేదు. చూడకపోవడం ఆమె మంచితనం. గొప్పలకు పోయి తిప్పలు తెచ్చుకునేవాళ్లను చూశాను గానీ, గొప్ప నాది, తిప్పలు ఇంకొకరివి. నేను ఇన్ని రోజులుగా తలమీద మోసుకు తిరిగిన ఎమ్మెల్యేగిరీ మొత్తానికి చేసిన ఏకైక పని, తనంతట తను అయిపోతున్న పనిని ఆపడం.

ఆయన మంచివాడు. గురువారానికి టెర్మిన్ ఇచ్చాడు. నెలాఖరులోపే అనుమతి కాగితం చేతిలో పెట్టాడు. ఒకటో తారీఖున ఆ పిల్ల ఉద్యోగంలో చేరింది. నా సిటిజన్‌షిప్ ఫైలు మాత్రం ఇంకా పైఫ్లోరులో నిద్రపోతోంది. లేపడానికి ఎవరి ఉత్తరమూ అడగదలుచుకోలేదు. మావాళ్లు ఇప్పుడు నన్ను మాజీ అంటారు. ఫ్లెక్సీ మంచం కింద నుంచి బయటికొచ్చింది, వానకు సైకిళ్ల మీద కప్పుతున్నాం. క్వాలిటీ బాగుంది, ఇంతవరకూ పావురాలు కూడా వెలిసిపోలేదు.

ఆ మొదటి తారీఖు తర్వాత వచ్చిన శనివారం మధ్యాహ్నం మా తలుపు ఎవరో తట్టారు. కిందాయన. ఇన్నేళ్లలో మా ఇంటికి ఎక్కి రావడం అదే మొదటిసారి. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. అయినా ముందు నాకు, తర్వాత మా ఆవిడకు, తర్వాత పాపకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"నువ్వు కంప్యూటర్లవాడివి కదా, ఒక మనిషి అడ్రసు కనిపెట్టగలవా?" అన్నాడు. పేరు చెప్పాడు. ఆ ఊరి పేరు చెప్పాడు. ఆవిడకిప్పుడు నడివయసు ఉంటుందన్నాడు. కొంతసేపు వెతికితే దొరికింది. అదే రాష్ట్రంలో ఇంకో ఊళ్లో పూలమొక్కల దుకాణం నడుపుతోంది. దుకాణం ముందు నిలబడి నవ్వుతున్న ఫొటో ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ ఫొటో చూశాడు. మెయిల్ పంపిద్దామా అంటే వద్దన్నాడు. చేత్తో రాయాలన్నాడు.

మా ఆవిడ తెల్లకాగితాలు తెచ్చి బల్లమీద పెట్టింది. పెన్ను అడిగితే పాప పరుగెత్తుకెళ్లి తన ఇంకుపెన్ను తెచ్చింది. అందులో ఇంకా ఆ ఆకుపచ్చే ఉంది. మా ఆవిడ గబుక్కున లాక్కుని, "ఓరి దేవుడో, ఇది వద్దమ్మా!" అని, సరుకుల చీటీ రాసే నీలం పెన్ను ఆయన చేతికిచ్చింది.

ఆయన మా భోజనాల బల్ల దగ్గర, ఆ పిల్ల ఆదివారాలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కాగితం ఖాళీగానే ఉంది. మా ఆవిడ పెట్టిన దోసె చల్లారిపోయింది. తర్వాత తల ఎత్తి, చిన్నపిల్లాడిలా నన్నడిగాడు.

"మొదటి వాక్యం ఏం రాయాలి?"

"ఆ ఉత్తరం నాది అని రాయండి" అన్నాను.

తల వంచుకుని అదే రాశాడు.